డిజైనర్ గీసింది, డెవలపర్ కట్టింది ఎందుకు ఒకటి కావు?

రిలీజ్‌కి వారం ఉందనగా డిజైనర్ ఫోన్‌లో యాప్ తెరిచి చూస్తారు. కార్డు లోపల ఖాళీ తక్కువైంది, హెడ్డింగ్ కాస్త కిందికి జారింది, బూడిద రంగు తాము ఇచ్చింది కాదు. ఒక్కోదానికీ స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర గీత పెట్టి, వరసగా టికెట్లు, అంటే సరిచేయాల్సిన వాటి చీటీలు, రాస్తారు. అవి చూసిన డెవలపర్‌కి ఒళ్లు మండుతుంది. లిస్టు ఖాళీగా ఉంటే ఏం చూపించాలి, నెట్ పోతే ఏం చెప్పాలి, పేరు రెండు లైన్లకి పోతే బటన్ ఎక్కడికి జరగాలి అన్నవేవీ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో గీసిన ఫైల్లో లేవు. వాటన్నిటికీ తనకి తోచిన సమాధానాలు రాసుకుంటూ వచ్చాడు. ఇప్పుడు మీటింగ్‌లో ఒకరు "ఫిగ్మాలో ఉన్నట్టు రాలేదు" అంటారు, ఇంకొకరు "ఫిగ్మాలో అసలు లేదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే.

డిజైన్ ఫైల్‌ని డెవలపర్‌కి అప్పగించే హ్యాండాఫ్ గురించి మాట్లాడినప్పుడల్లా చర్చ కొలతల చుట్టూ, టూల్స్ చుట్టూ తిరుగుతుంది. నా ఉద్దేశంలో గొడవకి మూలం అక్కడ లేదు. ఫైల్ చేతులు మారే రోజుకి ఇంకా తీసుకోని నిర్ణయాలు బోలెడు మిగిలి ఉంటాయి. వాటిని ఎవరు, ఎప్పుడు తీసుకోవాలో ఎవరూ తేల్చరు. చివరికి అవి కోడ్ రాస్తున్న మనిషి నెత్తిన పడతాయి, అదీ డెడ్‌లైన్ ముందు, అడగడానికి పక్కన ఎవరూ లేనప్పుడు.

కొలతల చిక్కు చాలావరకు తీరిపోయింది

ఫొటోషాప్ రోజుల్లో డిజైనర్ పీఎస్‌డీ ఫైల్ పంపితే, డెవలపర్ దాన్ని ముక్కలుగా కోసి, బొమ్మలుగా సేవ్ చేసి పేజీలో పేర్చేవాడు. ఖాళీలు కొలవాలంటే తెర మీద డబ్బా గీసి పిక్సెళ్లు లెక్కపెట్టుకోవాలి. ఓపిక ఉన్న డిజైనర్లు ప్రతి ఖాళీ పక్కనా ఎర్ర గీతతో అంకె రాసిచ్చేవారు. 2010లో స్కెచ్ అనే డిజైన్ టూల్ వచ్చింది. ఆ తర్వాత జెప్లిన్ లాంటివి కొలతలు, రంగులు వాటంతట అవే చూపించడం మొదలుపెట్టాయి. 2016లో ఫిగ్మా అందరికీ అందుబాటులోకి వచ్చి డిజైన్ ఫైల్‌ని బ్రౌజర్‌లో పెట్టింది. 2023లో డెవలపర్ల కోసమే డెవ్ మోడ్ తెచ్చింది. ఇప్పుడు ఏ బటన్ మీద క్లిక్ చేసినా ప్యాడింగ్ (లోపలి ఖాళీ) ఎంతో, ఫాంట్ ఏదో కళ్ల ముందే ఉంటుంది.

అంకెలు అందాయి, పేచీలు మాత్రం తగ్గలేదు. ఎందుకంటే డిజైన్ ఫైల్లో ఉన్న స్క్రీన్ ఒక క్షణానికి సంబంధించిన బొమ్మ. డెవలపర్ రాయాల్సింది ఆ క్షణానికి ముందూ వెనకా జరిగే అన్నిటికీ. నెట్ రాకముందు, వచ్చాక, వచ్చి పోయాక, మనిషి రెండుసార్లు నొక్కినప్పుడు, ఫోన్ అడ్డంగా తిప్పినప్పుడు కూడా ఆ స్క్రీన్ ఏదో ఒకలా కనిపించి తీరాలి. బొమ్మలో లేదు కదా అని కోడ్ ఊరుకోదు.

ఒక్క కార్డు దగ్గర ఆగి చూద్దాం

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ యాప్ అనుకోండి. అందులో ఒక డాక్టర్ కార్డు. గుండ్రటి ఫొటో, పేరు, స్పెషాలిటీ, ఫీజు, ఖాళీ ఉన్న టైమ్, కింద "బుక్ చేయండి" బటన్. ఫిగ్మాలో ముచ్చటగా ఉంటుంది. నవ్వుతున్న ఫొటో, రెండు మాటల పేరు, 500 రూపాయల ఫీజు, పదిన్నరకి స్లాట్.

ఇదే కార్డుని డెవలపర్ చూసే తీరు వేరు. ఫొటో సర్వర్ నుంచి రావాలి, రాకపోతే? పేరు రెండు మాటలే ఉంటుందని ఎవరు చెప్పారు? గోదావరి జిల్లాల వైపు ఇంటిపేరుతో కలిపి అయిదారు మాటల పేరు మామూలే. దానికి ముందు "డాక్టర్", వెనక డిగ్రీలు. రెండో లైన్‌కి వెళ్లాలా, చుక్కలు పెట్టి కత్తిరించాలా? కత్తిరిస్తే ఒకే మొదటి పేరున్న ఇద్దరు డాక్టర్లని పేషెంట్ ఎలా గుర్తుపట్టాలి? ఫీజు సున్నా వస్తే "ఉచితం" అని రాయాలా, ఆ లైనే తీసేయాలా? ఇది డిజైనర్ ఒక్కరే తేల్చగలిగేది కూడా కాదు, ఆసుపత్రి వాళ్లని అడగాలి.

ఇక బటన్. నొక్కాక సర్వర్ నుంచి జవాబు రావడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి. ఆ మూడు సెకన్లు బటన్ ఎలా ఉండాలి? ఏమీ మారకపోతే మనిషి ఇంకోసారి నొక్కుతాడు, రెండు బుకింగ్‌లు పడతాయి. మనం చూస్తున్నప్పుడే ఆ స్లాట్ వేరేవాళ్లు తీసేసుకుంటే ఏం చెప్పాలి, తర్వాతి ఖాళీ టైమ్ చూపించాలా?

అన్నిటికంటే సున్నితమైనది డబ్బు దగ్గర వస్తుంది. చెల్లింపు స్క్రీన్ అంటే డిజైనర్లు సాధారణంగా రెండు గీస్తారు. ఆకుపచ్చ టిక్కుతో ఒకటి, ఎర్ర గుర్తుతో ఒకటి. యూపీఐలో మూడోది కూడా ఉంటుంది, పెండింగ్. డబ్బు అకౌంట్‌లోంచి కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, యాప్‌కి మాత్రం ఇంకా ఖాయం కాదు. అప్పుడు తెర మీద ఏం రాయాలి? "మళ్లీ ప్రయత్నించండి" అని బటన్ పెడితే రెండోసారి డబ్బు కట్టేస్తారు. బ్యాక్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి? స్లాట్‌ని ఆ మనిషి కోసం ఎంతసేపు పట్టి ఉంచాలి? ఈ స్క్రీన్ ఎవరూ గీయలేదు కాబట్టి డెవలపర్ పాత కోడ్‌లోంచి "సమ్‌థింగ్ వెంట్ రాంగ్" అన్న వాక్యం తెచ్చి పెడతాడు. ఒంట్లో బాగాలేని తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని బుక్ చేస్తున్న మనిషికి ఆ వాక్యం ఇచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. "మీ చెల్లింపు ఇంకా ఖాయం కాలేదు. మళ్లీ కట్టకండి. ఖాయం కాగానే మెసేజ్ పంపిస్తాం, అప్పటిదాకా ఈ టైమ్ మీ పేరు మీదే ఉంటుంది" అని రాయడానికి అయ్యే ఖర్చు పెద్దగా లేదు. కానీ ఆ మాట నిలబెట్టుకోవాలంటే సర్వర్ వైపు స్లాట్ పట్టి ఉంచే ఏర్పాటు ఉండాలి. అంటే ఈ ఒక్క వాక్యం కోసం డిజైనర్, తెర వైపు కోడ్ రాసే ఫ్రంట్ ఎండ్ డెవలపర్, సర్వర్ వైపు రాసే బ్యాక్ ఎండ్ డెవలపర్, ప్రాడక్ట్ మేనేజర్ నలుగురూ మాట్లాడుకోవాలి. ఫైల్లో ఏ లేయర్ మీద క్లిక్ చేసినా ఇది దొరకదు.

బొమ్మలో కనపడనివి ఇంకా ఉన్నాయి. కార్డు మూలన చిన్న హృదయం గుర్తు 24 కొలతలో గీశారనుకుందాం. వేలు తగలాల్సిన చోటు అంత చిన్నగా ఉంటే పనికిరాదు. ఆండ్రాయిడ్ కనీసం 48, ఆపిల్ కనీసం 44 ఉండాలంటాయి. కనపడని ఆ అంచు ఎంతదాకా అన్నది ఎవరో ఒకరు చెప్పాలి, లేకపోతే పక్కనున్న బటన్ మీదికి ఎక్కుతుంది. చూపు లేనివాళ్లకి స్క్రీన్ రీడర్ ఏ వరసలో చదవాలి, ఆ హృదయం గుర్తుని ఏమని పలకాలి? సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్న పెద్దవాళ్లకి ఈ కార్డు ఎలా కనపడాలి? ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల సైజు 200 శాతం దాకా పెంచుకోవచ్చు. ఆసుపత్రి యాప్ వాడేవాళ్లలో ఆ సెట్టింగ్ పెట్టుకునేది ఎక్కువగా ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

తెలుగు వచ్చేసరికి

మన దగ్గర చాలా టీముల్లో డిజైన్ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. తెలుగు చివర్లో, ట్రాన్స్‌లేషన్ ఫైల్ రూపంలో వచ్చి చేరుతుంది. హ్యాండాఫ్‌లో జారిపోయినవన్నీ అప్పుడు ఒక్కసారిగా బయటపడతాయి.

"గైనకాలజిస్ట్" అని ఇంగ్లిష్‌లో ఒక్క మాటలో సరిపోయిన చోట "స్త్రీ వ్యాధి నిపుణులు" రావాలి. వెడల్పు చాలదు, రెండో లైన్‌కి పోతుంది. ఇంగ్లిష్ అక్షరాల కోసం లైన్ హైట్ (ఒక్కో లైన్‌కి ఇచ్చే ఎత్తు) బిగుతుగా పెట్టి ఉంటే "స్త్రీ" కింద ఉన్న వత్తులు డబ్బా అంచుకి తగిలి తెగిపోతాయి, లేదా కింది లైన్‌లోని గుడులకి తగులుకుంటాయి. ఇంగ్లిష్‌లో అక్షరం కిందికి దిగేది కొద్దిగానే. మనకి వత్తు మీద వత్తు పడితే కింద దాదాపు ఇంకో అంతస్తు కావాలి.

ఫాంట్ సంగతి ఇంకోటి. డిజైనర్ పాపిన్స్ ఎంచుకున్నారనుకోండి, అందులో తెలుగు అక్షరాలే లేవు. ఫోన్ తన దగ్గరున్న తెలుగు ఫాంట్ తెచ్చి పెడుతుంది. దాని ఎత్తు వేరు, మందం వేరు. కట్టింది డిజైన్‌తో సరిపోయిందా అని చూసే డిజైన్ క్యూఏలో "హెడ్డింగ్ కిందికి జారింది" అన్న టికెట్ ఇక్కడే పుడుతుంది. డెవలపర్ ఎంత సరిచేసినా ఒక ఫోన్‌లో కుదిరితే ఇంకో ఫోన్‌లో కుదరదు. అనెక్ తెలుగు, హింద్ గుంటూరు లాంటి ఫాంట్లలో ఇంగ్లిష్, తెలుగు రెండూ ఒకే చేతిలోంచి వచ్చి ఉంటాయి. ఫాంట్ ఎంచుకునే రోజే తెలుగు టైప్ చేసి చూసుకుంటే ఈ టికెట్లు చాలావరకు పుట్టవు.

ఫొటో లేని డాక్టర్‌కి పేరులోని మొదటి అక్షరాన్ని గుండ్రటి రంగులో పెట్టడం డిజైనర్లకి అలవాటు. ఇంగ్లిష్‌లో పేచీ లేదు. శ్రీనివాస్ అన్న పేరుకి "శ్రీ" రావాలి కదా. కోడ్‌లో మొదటి అక్షరం తీయమంటే "శ" మాత్రమే వస్తుంది. కంప్యూటర్ లోపల "శ్రీ" ఒక్క అక్షరం కాదు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలు. "స్త్రీ" అయితే ఆరు. అక్షరాలు లెక్కపెట్టి కత్తిరించే కోడ్ ఉంటే మాట మధ్యలో పొల్లు మిగిలిపోతుంది. కంప్యూటర్లలో అక్షరాలకి ప్రమాణం యూనికోడ్. 2023లో వచ్చిన దాని 15.1 వెర్షన్, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఇలాంటి సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కపెట్టేలా నియమం మార్చింది. పాత కోడ్ లైబ్రరీలు వాడుతుంటే ఆ మేలు అందదు. "మొదటి అక్షరం" అన్న రెండు మాటల వెనక ఇంత ఉందని డిజైనర్‌కి తెలియాల్సిన పనిలేదు. ఆ మాట డెవలపర్ చెవిన ముందే పడితే చాలు, ఇది తెలిసినవాళ్లు చెప్తారు, అక్షరం బదులు ఒక బొమ్మ పెడదామని అప్పుడే తేలిపోతుంది.

అంకెలకి బదులు పేర్లు

కొన్ని నిర్ణయాలని ప్రతి స్క్రీన్‌కీ మళ్లీ మళ్లీ తీసుకోకుండా ఒక్కసారి తీసుకుని పేరు పెట్టుకోవచ్చు. దీన్నే డిజైన్ టోకెన్లు అంటున్నాం. సేల్స్‌ఫోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో 2014 ప్రాంతంలో జీనా ఆన్, జాన్ లెవీన్ మొదలుపెట్టిన మాట ఇది. విషయం సులువే. బటన్‌కి నీలం రంగు కోడ్ ఇవ్వకుండా "ముఖ్యమైన పనికి రంగు" అని ఒక పేరు ఇస్తారు. డిజైన్ ఫైల్లోనూ కోడ్‌లోనూ అదే పేరు ఉంటుంది. రంగు మారాలంటే ఒక్కచోట మారుస్తారు.

దీని విలువ 2019లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 రెండూ ఫోన్ మొత్తానికీ డార్క్ మోడ్ తెచ్చాయి. రంగులకి వాటి పనిని బట్టి పేరు పెట్టుకున్న టీమ్, అదే పేరుకి ఇంకో రంగు జతచేస్తే సగం పని అయిపోతుంది. రంగు కోడ్లని స్క్రీన్ స్క్రీన్‌కీ చల్లుకున్న టీమ్ ఒక్కో తెల్లరంగునీ పట్టుకుని ఇది వెనకున్న తెలుపా, అక్షరాల తెలుపా అని విడదీసుకోవాలి. టోకెన్‌కి "తెలుపు" అని పేరు పెట్టుకున్నా అదే అవస్థ. పేరు రంగుని కాదు, ఆ రంగు చేసే పనిని చెప్పాలి.

బటన్, కార్డు లాంటి మళ్లీ మళ్లీ వాడే భాగాలకీ, అంటే కాంపోనెంట్లకీ, ఇదే వర్తిస్తుంది. ఫైల్లో "డాక్టర్ కార్డ్", కోడ్‌లో "ప్రొవైడర్ టైల్", టికెట్‌లో "లిస్ట్ ఐటెమ్" అని మూడు పేర్లుంటే ప్రతి మాటా మూడుసార్లు చెప్పుకోవాలి. మొదటి వారంలోనే కూర్చుని పేర్లు కలుపుకోవడం చాలా చిన్న పని. నేను ఏ టీమ్‌కైనా ముందు చెప్పేది ఇదే.

నిర్ణయం ఒక్కసారి తీసుకుని కాంపోనెంట్‌లోనే పెట్టేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే బ్రిటన్ ప్రభుత్వం 2018లో విడుదల చేసిన గవ్.యూకే డిజైన్ సిస్టమ్ చూడండి. అందరికీ తెరిచే ఉంది. అక్కడ బటన్ అంటే బొమ్మ ఒక్కటే కాదు, కోడ్ కూడా పక్కనే ఉంటుంది. ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు అన్నది కూడా రాసి ఉంటుంది. రెండుసార్లు నొక్కితే ఏమవుతుందన్న మన పై ప్రశ్నకి ఆ బటన్‌లోనే జవాబుంది. రెండో క్లిక్‌ని పట్టించుకోకుండా చేసే ఆప్షన్ ఒకటి ఇచ్చారు. నొక్కడానికి వీల్లేని బూడిద బటన్లు కొందరిని అయోమయపెడతాయి కాబట్టి వీలైనంత వరకు వాడొద్దని కూడా చెప్పారు. ఫారంలో తప్పు వస్తే పేజీ పైన ఏం రావాలి, ఆ గడి పక్కన ఏం రావాలి, ఏ మాటల్లో రాయాలి అన్నది కూడా ఉంది. డిజైనర్లు ప్రోటోటైప్ కిట్‌తో నేరుగా బ్రౌజర్‌లోనే నమూనాలు కట్టుకుంటారు. కాబట్టి వాళ్లు చూపించేది మొదటినుంచీ నడిచే స్క్రీన్. ప్రభుత్వ సేవలు సాదాగా ఉండొచ్చు కాబట్టి వాళ్లకి కుదిరింది, అందరికీ కుదరదు అంటారు కొందరు. యానిమేషన్లు నిండిన యాప్‌కి అది నిజమే. కానీ మన యాప్‌లలో ఎక్కువ భాగం ఫారాలు, లిస్టులు, బటన్లే.

మనుషుల మధ్య

అన్ని టూల్సూ ఉన్నా పని చెడేది ఒక పాత అలవాటు దగ్గర. డిజైన్ పూర్తయింది, క్లయింట్ ఓకే అన్నారు, ఇక కట్టడం మొదలు, అని పనిని రెండుగా నరకడం. సర్వీస్ కంపెనీల్లో ఇది మరీ ఎక్కువ. డిజైన్ చేసిన ఏజెన్సీ అమెరికాలో ఉంటుంది, కట్టే టీమ్ హైదరాబాద్‌లో. ఏజెన్సీ కాంట్రాక్ట్ ఫైల్ ఇవ్వడంతో ముగుస్తుంది. ముగియకపోయినా తూర్పు తీరం మనకంటే తొమ్మిదిన్నర, పదిన్నర గంటలు వెనక ఉంటుంది. పొద్దున అడిగిన ప్రశ్నకి రాత్రికి జవాబు వస్తుంది, దాని మీద ఇంకో సందేహం అడిగితే మర్నాడు. పెండింగ్ స్క్రీన్ లాంటి ప్రశ్నకి ఇలా మూడు రోజులు పోతాయి. స్ప్రింట్ (ఒక విడత పని) రెండు వారాలే కాబట్టి డెవలపర్ అడగడం మానేసి ఊహించడం మొదలుపెడతాడు. ఇందులో అతని తప్పేమీ లేదు.

కాంట్రాక్ట్ రాసేవాళ్లు పట్టించుకోవాల్సిన చోటు ఇది. డిజైనర్ గంటల్లో కొన్నింటిని కట్టే దశ కోసం పక్కన పెట్టాలి. కనీసం వారానికి రెండు పూటలైనా ఇద్దరి టైమ్ కలిసేలా చూడాలి.

రెండోవైపు నుంచి, డెవలపర్ని గీతలు ఇంకా చిత్తుగా ఉన్నప్పుడే పిలవాలి. అతను చూసి అందం గురించి చెప్పక్కర్లేదు. "ఈ లిస్టు ఒకేసారి సర్వర్ ఇవ్వదు, ఇరవై ఇరవై చొప్పున ఇస్తుంది", "ఖాళీ స్లాట్ల లెక్క మన దగ్గర లేదు, ఆసుపత్రి సిస్టమ్‌ని అడగాలి, టైమ్ పడుతుంది" లాంటివి చెప్తే చాలు. ఇవి ముందే తెలిస్తే డిజైనే మారుతుంది. డిజైనర్ కూడా ఫైల్లో అందమైన పేర్లకి బదులు అసలు డేటా పెట్టాలి. అన్నిటికంటే పొడుగు పేరు, ఫొటో లేని డాక్టర్, ఒక్కరూ లేని లిస్టు, తెలుగు మాటలు. ఆ ఫైల్ పోర్ట్‌ఫోలియోకి పనికిరాకపోవచ్చు, పనికి మాత్రం అదే కావాలి.

దీనికీ ఎస్టిమేట్‌కీ నేరుగా సంబంధం ఉంది. పని ఎన్ని రోజులు పడుతుందో చెప్పమన్నప్పుడు డెవలపర్ ఫైల్లో కనిపించిన స్క్రీన్లని బట్టి చెప్తాడు. కార్డు ఒకటే కనిపిస్తే ఒక కార్డుకే లెక్క. లోడింగ్, ఖాళీ, ఎర్రర్, పెండింగ్ అన్నీ ఆ లెక్కలో లేవు. మధ్యలో అవి బయటపడ్డాక టైమ్ చాలక వాటినే కోసేస్తారు. డిజైనర్‌కి పని నాసిరకంగా కనిపిస్తుంది.

లైవ్ లింకు వల్ల వచ్చిన కొత్త తలనొప్పి కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు "ఫైనల్", "లేటెస్ట్ ఫైనల్" అంటూ ఫైళ్లు పోగుపడేవి. ఇప్పుడు ఫైల్ ఒకటే, కానీ అది ఎప్పుడు మారిందో తెలియదు. సోమవారం చూసి కట్టింది బుధవారానికి ఫైల్లో వేరేలా ఉంటుంది. కట్టడానికి సిద్ధమైన స్క్రీన్లని విడిగా గుర్తు పెట్టడం, ఆ తర్వాత ఏది మార్చినా టికెట్‌లో ఒక్క లైన్ రాయడం తప్పనిసరి చేయాలి. టీమ్‌లో ఈ ఒక్క నియమం లేకపోతే మిగతావేవీ నిలవవు.

ఇప్పుడు డిజైన్ బొమ్మ ఇస్తే కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాయి. కార్డు గుండ్రటి మూలలు, ఖాళీలు అవి చకచకా రాస్తాయి. పెండింగ్‌లో పడ్డ చెల్లింపుకి స్లాట్ ఎంతసేపు పట్టి ఉంచాలో ఎవరూ తేల్చకపోతే అవి కూడా ఏదో ఒకటి ఊహించుకుని రాస్తాయి. ఆ ఊహ కోడ్‌లో ఎక్కడుందో వెతుక్కోవడం మన వంతు.

చివరగా డిజైన్ క్యూఏ. దాన్ని రిలీజ్ ముందు వారానికి వదిలేయకూడదు. మొదటి కార్డు ఫోన్‌లో కనిపించిన రోజే, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి పట్టుకుని ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడాలి. రాసే ప్రతి టికెట్ మూడింటిలో ఏదో ముందే చెప్పాలి. ఫైల్లో ఉండి కోడ్‌లో తేడా వచ్చిందా, ఫైల్లో అసలు లేదా, లేక ఇప్పుడు చూశాక మార్చాలనిపించిందా? మొదటిది బగ్, డెవలపర్ సరిచేస్తాడు. మూడోది కొత్త పని, ప్రాడక్ట్ మేనేజర్ దానికి టైమ్ ఇవ్వాలి. రెండోదానికి ఇద్దరూ కలిసి జవాబు తేల్చి, కోడ్‌లోనూ ఫైల్లోనూ రెండు చోట్లా రాయాలి. ఫైల్లో రాయడం మర్చిపోతే ల్యాబ్ టెస్టుల కార్డు కట్టేటప్పుడు ఇంకో డెవలపర్ మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు.